పాలెస్ట్రీనా సంగీతాన్ని కాపాడాడట!

1560ల్లో కతోలిక చర్చి జరిపిన ట్రెంట్ మహాసభలో కూర్చున్న బిషప్పులకు చర్చి సంగీతం మీద విసుగు పుట్టిందట. గాయకుల గొంతులు ఒకదాని మీద ఒకటి పడి ప్రార్థన మాట ఒక్కటీ చెవిన పడటం లేదని, ఈ గోలంతా గుమ్మం బయటికి నెట్టేసి పాతకాలంలోలా అందరూ ఒకే వరసలో పాడుకుంటే చాలని తీర్మానించబోయారట. సరిగ్గా అప్పుడు రోమ్‌లో జొవాన్ని పియెర్‌లుయీజి ద పాలెస్ట్రీనా అనే స్వరకర్త ఒక మాస్, అంటే కతోలిక పూజలో పాడే ప్రార్థనలకు సంగీతం, రాసి పోపు తర్వాతి మతపెద్దలైన కార్డినల్స్ ముందు పాడించాడట. వాళ్లు విని కరిగిపోయారట. నిషేధం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదట. ఆ మాస్ పేరు 'మిస్సా పాపే మార్చెల్లి', అంటే పోపు మార్సెల్లస్ పేరిట కట్టిన మాస్.

రినైసాన్స్ కాలపు చర్చి బృందగానం గురించి చదవడం మొదలుపెట్టిన ఎవరికైనా ముందు తగిలేది ఈ కథే. మూడు వందల ఏళ్లకు పైగా జనం నోటా, పుస్తకాల్లోనూ తిరిగింది. హన్స్ ఫిట్స్‌నర్ అనే జర్మన్ స్వరకర్త దీన్ని ఒపెరాగా కూడా కట్టాడు; 1917లో మ్యూనిక్‌లో మొదటిసారి ఆడింది. అందులో దేవదూతలు దిగివచ్చి పాలెస్ట్రీనా చేత ఒక్క రాత్రిలో రాయిస్తారు. ఇంత బాగున్న కథకు ఆధారం వెతకబోతే చేతికి చిక్కేది చాలా తక్కువ. అయితే నిప్పు లేనిదే పొగ రాదు. ఆ రోజుల్లో చర్చిలో మాటకూ పాటకూ నిజంగానే పేచీ నడిచింది. ఆ పేచీ ఏమిటో, ఎక్కడ ఎలా తేలిందో చూస్తే కథ కంటే అదే ఆసక్తిగా ఉంటుంది.

ముందు ఆ సంగీతం ఎలా కట్టేవారో తెలియాలి. మన శాస్త్రీయ సంగీతంలో ఒక సమయంలో నడిచేది ఒకటే వరస. పదిమంది పాడినా వరస ఒకటే, వయొలిన్ దాని వెంటే నడుస్తుంది, అడుగున శ్రుతి నిలబడి ఉంటుంది. యూరప్ చర్చిలోనూ మొదట ఇదే పద్ధతి. గ్రెగోరియన్ గానమంటే అందరిదీ ఒకే వరస, వాయిద్యం లేదు, తాళం కట్టుబాటూ లేదు. తర్వాతి శతాబ్దాల్లో ఆ వరస మీద రెండోది, మూడోది చేరుస్తూ పోయారు. ఇప్పటి ఉత్తర ఫ్రాన్స్, బెల్జియం ప్రాంతాల నుంచి వచ్చిన ద్యుఫై, ఓకెగెమ్, 1521లో చనిపోయిన జోస్కాన్ దె ప్రే వంటి వాళ్ల చేతుల్లో అది పూర్తిస్థాయి కళ అయింది. నాలుగు గొంతులుంటే నాలుగు వరసలు. ఏ ఒక్కటీ ఇంకోదానికి పక్కవాద్యం కాదు. దేన్ని విడిగా పాడినా అది ఒక పాటలాగే ఉంటుంది. కలిపి పాడితే ఒకదానితో ఒకటి పొసగుతుంది. దీన్నే పాలిఫనీ అంటారు.

పొసగడం వరకూ బాగానే ఉంది, చిక్కు మాటల దగ్గర వస్తుంది. నలుగురు కూర్చుని ఒకే పోతన పద్యాన్ని ఎత్తుకున్నారనుకోండి. మొదటివాడు రెండు మాటలు దాటాక రెండోవాడు మొదలుపెడతాడు, ఇంకాస్త ఆగి మూడోవాడు, ఆపైన నాలుగోవాడు. మొదటివాడు రెండో పాదంలో ఉన్నప్పుడు చివరివాడు మొదటి పాదం మొదటి మాట అందుకుంటాడు. స్వరాలు తగిలించి కమ్మగా వినిపించేలా కట్టొచ్చు. పద్యం మాత్రం వినేవాడి చేతికి చిక్కదు. దీనికి తోడు ఒక్కో అక్షరాన్ని పది పదిహేను స్వరాల మీదుగా సాగదీసే అలవాటొకటి. 'ఆమెన్' అన్న చిన్న మాట మొదలైన చోటికీ ముగిసే చోటికీ మధ్య బోలెడంత ప్రయాణం ఉంటుంది.

ఇంకో సంగతి కూడా కలుపుకోవాలి. ఆనాటి గాయకుల చేతుల్లో విడి కాగితాలు ఉండేవి కావు. ఒక పెద్ద పుస్తకాన్ని ఎత్తయిన పీట మీద తెరిచి పెట్టి అందరూ దాని ముందు గుంపుగా నిలబడేవారు. ఎడమ పేజీలో పైన అన్నిటికన్నా పై గొంతు, కింద టెనర్ అనే మధ్య గొంతు. కుడి పేజీలో పైన ఆల్టో అనే ఇంకో మధ్య గొంతు, కింద అన్నిటికన్నా లోతైన బేస్. ఇప్పటి స్కోరులో లాగా వరసలన్నీ నిలువునా ఒకదాని కింద ఒకటి కనిపించవు, గీతలు గీసి విడగొట్టిన గడులూ ఉండవు. ఎవరి వరస వాళ్లే చూసుకోవాలి, మిగతా వాళ్లను చెవితో పట్టుకోవాలి. పాఠాన్ని లేఖకుడు స్వరాల కింద ఉజ్జాయింపుగా రాసి వదిలేసేవాడు. ఏ అక్షరం ఏ స్వరం మీద పడాలన్నది చాలాసార్లు పాడేవాడి తెలివికే వదిలేసిన విషయం. మాటలు వినపడలేదంటే తప్పు స్వరకర్త ఒక్కడిదే కాదన్నమాట.

వినపడాల్సిన ఆ మాటలు ఏమిటంటే, మన కతోలికులు దివ్యబలిపూజ అనే మాస్‌లో ఏ రోజైనా మారని ఐదు ప్రార్థనలు. కీరియే, గ్లోరియా, క్రేదో, సాంక్తుస్, ఆన్యుస్ దేయి. ఆ కాలంలో ఒక స్వరకర్త మాస్ రాశాడంటే ఈ ఐదింటికీ సంగీతం కట్టాడని అర్థం. వీటి నిడివిలో ఉన్న తేడా ముందు ముందు మనకు అవసరం. కీరియే మొత్తం మూడు చిన్న వాక్యాలు: ప్రభువా దయచూపు, క్రీస్తూ దయచూపు, ప్రభువా దయచూపు. గ్లోరియా చాలా పెద్దది. క్రేదో ఇంకా పెద్దది, పైగా అది విశ్వాస ప్రకటన. అందులో ఒక మాట అటూ ఇటూ అయితే ఒకప్పుడు మహాసభలే జరిగాయి.

ఫిర్యాదులు ట్రెంట్ సభకు ముందే మొదలయ్యాయి. ఎరాస్ముస్ లాంటి పండితుడు 16వ శతాబ్దం తొలినాళ్లలోనే చర్చి గాయకుల మీద విరుచుకుపడ్డాడు. బెర్నార్దినో చిరిల్లో అనే మతాధికారి 1549లో రాసిన ఉత్తరం ఇంకా ఘాటుగా ఉంటుంది. ఒకడు 'సాంక్తుస్' అంటుంటే ఇంకొకడు 'సబాయోత్' అంటాడు, మూడోవాడు వేరే మాట మీద ఉంటాడు, అందరూ కలిసి జనవరి నెలలో పిల్లుల్లా అరుస్తారు అన్నది దాని సారాంశం. ఆయనకు ఇంకో బాధ కూడా ఉంది. ఆయుధం పట్టిన మనిషికీ, ఫెరారా డ్యూకుకూ మాస్‌తో ఏం పని అని అడుగుతాడు.

ఆ ప్రశ్న గాలిలోంచి ఊడిపడలేదు. 'ల్‌ఓమ్ ఆర్మే' అని ఒక ఫ్రెంచి పాట ఉండేది. ఆయుధం పట్టిన మనిషి వస్తున్నాడు, జాగ్రత్త అన్నది దాని భావం, భక్తితో ఏ సంబంధమూ లేదు. ఆ వరసను టెనర్ గొంతులో పెట్టి, చుట్టూ మిగతా గొంతులను అల్లి మాస్‌లు రాయడం స్వరకర్తల మధ్య పంతంలా మారింది. అలాంటివి నలభైకి పైగా మిగిలాయి. ఫెరారా డ్యూకు సంగతి ఇంకా తమాషా. జోస్కాన్ ఆ ప్రభువు లాటిన్ పేరు 'హెర్కులెస్ దుక్స్ ఫెర్రారియే' తీసుకుని, అందులోని అచ్చులను వరుసగా ఏరాడు: ఎ, ఉ, ఎ, ఉ, ఎ, అ, ఇ, ఎ. వాటికి ఆ అచ్చులే ఉన్న స్వరాల పేర్లు పెట్టాడు. రె, ఉత్, రె, ఉత్, రె, ఫా, మి, రె. మన లెక్కలో చెప్పాలంటే రి స రి స రి మ గ రి. ఈ ఎనిమిది స్వరాలు మాస్ పొడుగునా టెనర్‌లో మళ్లీ మళ్లీ వస్తాయి. దేవుడి పూజలో యజమాని పేరు మోగుతూ ఉంటుంది. నాకు ఆ మాస్ చాలా ఇష్టం, అయినా చిరిల్లో కోపంలో న్యాయం లేదని అనలేను.

ఇక ట్రెంట్. ఆల్ప్స్ పర్వతాల అంచున ఉన్న ఆ ఊళ్లో మహాసభ 1545లో మొదలై, మధ్యలో రెండుసార్లు పెద్ద విరామాలతో 1563 డిసెంబర్ 4న ముగిసింది. పోపును ధిక్కరించిన జర్మన్ సంస్కర్త లూథర్ తిరుగుబాటుకు సమాధానం చెప్పడం, సొంత ఇల్లు చక్కబెట్టుకోవడం దాని పని. పాపవిముక్తి, సంస్కారాలు, బిషప్పులు తమ మండలాల్లోనే ఉండాలా వద్దా వంటి వాటి మీద కొట్లాటలు నడిచాయి. ఆ రాశిలో సంగీతానిది చిటికెడు చోటు.

ఆ చిటికెడులో జరిగింది ఇదీ. 1562 సెప్టెంబర్ 10న ఒక ముసాయిదా తయారైంది. పాట చెవికి ఉత్త సుఖం ఇచ్చేదిగా ఉండకూడదు, మాటలు అందరికీ స్పష్టంగా అర్థమయ్యేలా ఉండాలి అని అందులో ఉంది. పాలెస్ట్రీనా కథ చెప్పేవాళ్లు చూపించేది ఈ వాక్యాన్నే. కానీ వారం తిరిగేసరికి, సెప్టెంబర్ 17న సభ ఆమోదించిన తీర్మానంలో ఆ వాక్యం లేదు. ఆర్గన్ వాయింపులో గానీ పాటలో గానీ అశ్లీలం, అపవిత్రం కలిసే సంగీతాన్ని చర్చిలోకి రానివ్వవద్దు అన్నంతవరకే ఉంది. పాలిఫనీ ఊసే లేదు. మరుసటి ఏడాది మళ్లీ ఏదో కదిలింది. పవిత్ర రోమన్ చక్రవర్తి మొదటి ఫెర్డినాండ్ ఆగస్టులో ఉత్తరం రాస్తూ బహుగళ సంగీతాన్ని తీసెయ్యవద్దని, అది భక్తిని రేపుతుందని చెప్పాడు. అంటే ఆ మాట ఎక్కడో నలిగి ఉంటుంది. నవంబర్ 11 నాటి తీర్మానం వివరాలన్నిటినీ ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు సభల మీద వదిలేసింది. పెద్దసభ తేల్చలేక కింది సభలకు తోసెయ్యడం మనం ఎరగని విద్యేమీ కాదు.

ట్రెంట్‌లో బిషప్పుల చెవుల్లో నిజంగా పడిన పాలిఫనీ కూడా ఉంది, అది పాలెస్ట్రీనాది కాదు. ఆగ్స్‌బర్గ్ కార్డినల్ ఓటో ట్రుక్సెస్ కోరిక మీద యాకోబుస్ దె కెర్లే అనే స్వరకర్త సభ జయప్రదం కావాలని ప్రార్థనా గీతాలు రాశాడు. అవి 1562లో అచ్చయ్యాయి, సభ జరుగుతున్నప్పుడు పాడారు. స్పష్టమైన పలుకుతో నిదానంగా సాగే సంగీతం. పాలిఫనీకి నిజంగా వకాల్తా ఎవరైనా పుచ్చుకున్నారంటే ఆ పేరు ముందు చెప్పాలి. ఆయన మీద ఒపెరా ఎవరూ రాయలేదు.

రోమ్‌లో కథ వేరే దారిలో నడిచింది. సభ ముగిశాక తీర్మానాలను అమలు చెయ్యడానికి నాలుగో పయస్ పోపు కార్డినల్స్‌తో ఒక సంఘం వేశాడు. పోపు సొంత గాయకబృందం సంగతి చూసే పని విటెల్లోత్సో విటెల్లి, కార్లో బొర్రోమెయో అనే ఇద్దరికి పడింది. ఆ బృందపు దినచర్య పుస్తకంలో 1565 ఏప్రిల్ 28, శనివారం నాటి నమోదు ఒకటుంది. కార్డినల్ విటెల్లి కోరిక మీద ఆయన ఇంట్లో చేరి కొన్ని మాస్‌లు పాడాము, మాటలు అర్థమవుతున్నాయో లేదో పరీక్షించడానికి, అని దాని తాత్పర్యం. ఏ మాస్‌లు పాడారో రాయలేదు. ఎవరు రాసినవో లేదు. విన్నవాళ్లు ఏమన్నారో కూడా లేదు. పాలెస్ట్రీనా అప్పటికి ఆ బృందంలో లేడు కూడా. సాంతా మరియా మజ్జోరే చర్చిలో పనిచేస్తున్నాడు. 'మిస్సా పాపే మార్చెల్లి' ఆ రోజు పాడి ఉండొచ్చు, పాడకపోయి ఉండొచ్చు. ఏది చెప్పడానికీ కాగితం లేదు.

మరి మార్సెల్లస్ పేరు ఎలా వచ్చింది? రెండో మార్సెల్లస్ 1555 ఏప్రిల్ 9న పోపుగా ఎన్నికై మే 1న చనిపోయాడు. ఇరవై రెండు రోజుల పాలన. ఎన్నికైన మూడో రోజే గుడ్ ఫ్రైడే. ఆ రోజు ఆయన గాయకుల్ని పిలిపించి, క్రీస్తు శ్రమల దినాన పాట ఇంత హుషారుగా ఉండకూడదని, స్వరం సందర్భానికి తగినట్టు ఉండాలని, మాటలు వినపడాలని, అర్థం కావాలని మందలించాడు. ఇది ఆయన కార్యదర్శి ఆంజెలో మస్సరెల్లి దినచర్యలో ఉంది, కాబట్టి నమ్మొచ్చు. ఆ ఏడాది జనవరి నుంచి పాలెస్ట్రీనా పోపు గాయకుల్లో ఒకడు. చివాట్లు తిన్నవాళ్లలో ఆయన కూడా ఉండే ఉంటాడు. ఆ మాట మనసులో నాటుకుని, కొన్నేళ్ల తర్వాత రాసిన మాస్‌కు ఆ పోపు పేరు పెట్టాడనుకోవడం సబబుగానే ఉంటుంది. రాసిన తేదీ దాని మీద లేదు. 1562 ప్రాంతమని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. అచ్చయింది మాత్రం 1567లో, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కు అంకితమిచ్చిన రెండో మాస్‌ల పుస్తకంలో. పెద్దల, భక్తుల సలహా మేరకు కొత్త తీరులో కట్టానని అంకితంలో చెప్పుకున్నాడు.

కొత్త తీరు ఏమిటో వింటే తెలుస్తుంది. ఆరు గొంతుల మాస్ ఇది. కీరియేతో మొదలుపెట్టండి. ఒక గొంతు ఒకే స్వరాన్ని నిలిపి, మన లెక్కలో స నుంచి మ కి ఎగిరి, మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. అది దిగుతుండగానే ఇంకో గొంతు అదే వరసతో లేస్తుంది, దాని వెనక ఇంకోటి. అల మీద అల. పాత పద్ధతి పాలిఫనీయే, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంటాయి. కానీ పట్టించుకోవలసిన పని లేదు. ఉన్నది మూడు వాక్యాలు, చర్చికి వచ్చే ప్రతివాడికీ నోటికి వచ్చినవి.

అది అయిన వెంటనే గ్లోరియా పెట్టండి. మొదటి వాక్యం పూజారి ఒక్కడే పాత గ్రెగోరియన్ వరసలో పాడతాడు. 'ఎత్ ఇన్ తెర్రా పాక్స్', అంటే భూమి మీద శాంతి, అన్న చోట బృందం అందుకుంటుంది. అందరూ ఒకే అక్షరాన్ని ఒకేసారి పలుకుతారు. స్వరాలు వేరు, మాట ఒకటే. అక్షరానికి ఒక స్వరం, మహా అయితే రెండు. అలా మొత్తం నడిపితే వినేవాడికి విసుగొస్తుంది కదా, దానికి పాలెస్ట్రీనా చేసిన ఉపాయం గొంతుల కూర్పు మార్చడం. ఒక వాక్యం పై నాలుగు గొంతులు పాడితే తర్వాతి వాక్యం కింది గొంతులు పాడతాయి, ఆ తర్వాత ఆరూ కలుస్తాయి. నిండుదనం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, మాట మాత్రం ఎక్కడా జారిపోదు. క్రేదోలో 'ఎత్ ఇన్‌కార్నాతుస్ ఎస్త్', దేవుడు మనిషై పుట్టాడు అన్న చోట వేగం తగ్గి స్వరాలు బరువుగా నిలబడతాయి. ఆ వాక్యం దగ్గర అందరూ మోకరిల్లాలి, సంగీతం దానికి వీలుగా ఉంటుంది. సిలువ వేసిన ఘట్టానికి గొంతులు నాలుగుకు తగ్గిపోతాయి.

సాంక్తుస్‌కు వచ్చేసరికి అల్లిక మళ్లీ మొదలు. చివరి ఆన్యుస్ దేయిలో ఆరు గొంతులు ఏడవుతాయి. వాటిలో మూడు ఒకే వరసను ఒకదాని వెనక ఒకటి తు.చ. తప్పకుండా పాడతాయి. పాత కాలపు పాండిత్య ప్రదర్శన అంటే అదే. అంటే పాలెస్ట్రీనా పాలిఫనీని సరళం చెయ్యలేదు. ఎక్కడ మాట ముఖ్యమో అక్కడ చోటిచ్చి, ఎక్కడ మాట అందరికీ తెలిసిందో అక్కడ గొంతుల్ని వాటి మానాన వదిలాడు. అదే 1567 పుస్తకంలో 'అద్ ఫూగం' అని ఇంకో మాస్ ఉంది, మొదటి నుంచి చివరిదాకా గొంతుల్ని గొంతులు అనుకరిస్తూ పోవడమే దాని పని. సంస్కరణ దెబ్బకు హడలిపోయిన మనిషి చేతిలోంచి వచ్చేది కాదది.

కార్డినల్స్ ఆదేశాన్ని అక్షరాలా పాటిస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే మిలాన్ వైపు చూడాలి. అక్కడ ఆర్చిబిషప్ బొర్రోమెయోనే. వీలైనంత స్పష్టంగా ఉండే మాస్ రాయమని అక్కడి సంగీత గురువు విన్‌చెంత్సో రుఫ్ఫోకు చెప్పించాడు. 1570లో అచ్చయిన రుఫ్ఫో మాస్‌లలో ప్రతి అక్షరమూ వినపడుతుంది. గొంతులన్నీ కలిసికట్టుగా నడుస్తాయి. నిజం చెప్పాలంటే పది నిమిషాలయ్యాక పప్పులో ఉప్పు లేదనిపిస్తుంది.

సొంత పనిలో కూడా పాలెస్ట్రీనా ఆదేశాల పుస్తకం పట్టుకుని కూర్చోలేదు. చిరిల్లో తిట్టిపోసిన 'ల్‌ఓమ్ ఆర్మే' మీద ఆయనవి రెండు మాస్‌లున్నాయి. ఒకటి 1570లో అదే పేరుతో అచ్చయింది. రెండోది 1582 నాటి పుస్తకంలో 'నాలుగో మాస్' అని మాత్రమే వేశారు, ఏ పాట మీద కట్టాడో చెప్పకుండా. 1590లో వచ్చిన 'నాషె ల జోయా మీయా' ఒక ప్రేమగీతం మీద కట్టిన మాస్. 1584లో బైబిల్లోని పరమగీతానికి కట్టిన మోటెట్లను, అంటే బృందగానానికి రాసిన లాటిన్ భక్తిగీతాలను, పోపుకు అంకితమిస్తూ, కుర్రతనంలో ప్రేమపాటలకు సంగీతం కట్టినందుకు సిగ్గుపడుతున్నానని రాశాడు. రెండేళ్లకే ఇంకో ప్రేమపాటల పుస్తకం అచ్చు వేయించాడు. ఈ మనిషిని వెనకటి జీవిత చరిత్రకారులు రుషిలా చూపించారు గానీ లెక్క తెలిసిన గృహస్థు ఆయన. 1555 వేసవిలో పోపు నాలుగో పాల్ పెళ్లయినవాళ్లు నా బృందంలో ఉండకూడదని ముగ్గుర్ని తీసేస్తే అందులో పాలెస్ట్రీనా ఒకడు. 1570లలో అంటువ్యాధులు కొడుకుల్ని తీసుకుపోయాయి, 1580లో భార్య పోయింది. పూజారి కావాలని తొలి అడుగులు వేసి, 1581లో మనసు మార్చుకుని బొచ్చుతోళ్ల వ్యాపారి వితంతువును పెళ్లాడి ఆ వ్యాపారం కూడా చూసుకున్నాడు. చేతిలో డబ్బు ఆడాక పుస్తకాలు వరసగా అచ్చయ్యాయి. 1594లో చనిపోయేనాటికి నూటికి పైగా మాస్‌లు రాశాడు.

ఈ పేచీలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకో ప్రశ్న. మాటలు అర్థం కావాలి, సరే. ఎవరికి? పాడుతున్నది లాటిన్. జర్మన్ రైతుకో పోలిష్ చేనేతకారుడికో అక్షరం పొల్లు పోకుండా వినిపించినా అర్థం కాదు. సెప్టెంబర్ 17 నాటి అదే సమావేశంలో ట్రెంట్ సభ ప్రజల భాషలో పూజ జరపడం తగదని కూడా తీర్మానించింది. పూజారులు మధ్యమధ్య వివరించాలని మాత్రం చెప్పింది. కాబట్టి బిషప్పుల బెంగ వెనక బల్లలో కూర్చున్నవాడి గురించి కాదు. క్రేదో లాంటి పాఠం పూర్తిగా, ఉన్నది ఉన్నట్టు ఉచ్చరించబడాలన్నదే వాళ్ల పట్టుదల. వేదమంత్రం విషయంలో స్వరం తప్పకూడదని మనవాళ్లు పట్టుబట్టడం గుర్తున్నవాళ్లకు ఇది వింతగా తోచదు.

వెనక బల్లవాడి గురించి నిజంగా బెంగపడింది అవతలి పక్షం, అంటే ప్రొటెస్టెంట్లు. లూథర్ జర్మన్ పాటల్ని జనం నోట పాడించాడు, అయితే పాలిఫనీని వదులుకోలేదు. జోస్కాన్ అంటే ఆయనకు ప్రాణం. జెనీవాలో కాల్విన్ పూజలో కీర్తనల గ్రంథాన్ని ఫ్రెంచిలో, అందరూ ఒకే వరసలో పాడాలన్నాడు. జ్యూరిచ్‌లో త్స్వింగ్లీ స్వయంగా మంచి సంగీతజ్ఞుడై ఉండి 1520ల్లో పూజలోంచి సంగీతాన్నే తీసేశాడు. అక్కడి ఆర్గన్లు ఊడబెరికారు. చర్చి సంగీతం నోరు నిజంగా నొక్కిన ఊళ్లు ఇవి, ట్రెంట్ కాదు. ఇంగ్లండ్‌లో 1544లోనే ఆర్చిబిషప్ క్రాన్మర్ ఎనిమిదో హెన్రీకి రాస్తూ వీలైనంత వరకు అక్షరానికి ఒక స్వరం ఉంటే మేలన్నాడు. మరో పాతికేళ్లకు అదే దేశంలో థామస్ టాలిస్ 'స్పెమ్ ఇన్ ఆలియుమ్' అని నలభై విడివిడి గొంతులకు ఒక లాటిన్ మోటెట్ రాశాడు. ఆయన శిష్యుడు, సహచరుడు విలియం బర్డ్ కతోలికుడు. ఎలిజబెత్ రాణి రాజ్యంలో మాస్ జరపడం నేరం కాబట్టి 1590ల్లో ఆయన రాసిన మూడు మాస్‌లు ముఖపత్రం లేకుండా, తేదీ లేకుండా, అచ్చు వేసినవాడి పేరు లేకుండా బయటికొచ్చాయి. వాటిని ధనికుల ఇళ్లలో తలుపులేసుకుని నలుగురైదుగురు పాడుకున్నారు.

పాలెస్ట్రీనా కాపాడాడన్న మాట అచ్చులో మొదట కనిపించేది 1607లో, ఆయన పోయిన పదమూడేళ్లకు, అగోస్తీనో అగజ్జారి అనే స్వరకర్త రాసిన చిన్న పుస్తకంలో. మాటలు వినపడని సంగీతాన్ని పోపు తీసెయ్యబోతే ఈ మాస్ ఆపిందని నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ఆ తర్వాత చేతులు మారిన కొద్దీ కథ లావెక్కింది. 1828లో జుజెప్పె బయీని రాసిన పెద్ద జీవితచరిత్రలో దానికి రంగు రుచి వాసన అన్నీ వచ్చాయి. ఈలోగా ఇంకో పని కూడా జరిగింది. వియన్నాలో యోహాన్ యోసెఫ్ ఫుక్స్ 1725లో స్వరాల అల్లిక నేర్పే ఒక పాఠ్యగ్రంథం రాశాడు, గురుశిష్యుల సంభాషణగా. అందులో గురువు పాలెస్ట్రీనాకు ప్రతిరూపం. పొసగని స్వరం వస్తే ముందే సిద్ధం చేసి తెచ్చి, మెట్టు దిగి విడిపించాలి, పెద్ద అంగ వేస్తే వెంటనే వెనక్కి తిరగాలి వంటి సూత్రాలన్నీ ఆయన పేరు మీద చలామణి అయ్యాయి. హైడన్, మొజార్ట్, బేతోవెన్ ఆ పుస్తకంతో కుస్తీ పట్టినవాళ్లే. ఇంత పెద్ద గురువుకు ఇంత పెద్ద పురాణం లేకపోతే బాగోదు కదా.

1903లో పోపు పదో పయస్ చర్చి సంగీతం మీద ఆదేశమిస్తూ పాలెస్ట్రీనాను పేరుపెట్టి ఆదర్శంగా చూపించాడు. అరవై ఏళ్ల తర్వాత రెండో వాటికన్ మహాసభ పూజను ప్రజల భాషల్లో జరపడానికి తలుపు తెరిచింది. ఆ పత్రం వెలువడిన తేదీ 1963 డిసెంబర్ 4, ట్రెంట్ సభ ముగిసి సరిగ్గా నాలుగు వందల ఏళ్లు. తెలుగు నాట కతోలిక గుడులలో లాటిన్ పూజ పోయి తెలుగు పూజ వచ్చింది ఆ తర్వాతే. ప్రొటెస్టెంట్ సంఘాలు అప్పటికే వందేళ్లకు పైగా రాగతాళాలు పేర్కొన్న తెలుగు క్రైస్తవ కీర్తనలు ఒకే వరసలో పాడుకుంటున్నాయి. తమాషా ఏమిటంటే అదే 1963 పత్రం పాలిఫనీకి కూడా పూజలో చోటుందని విడిగా పేర్కొంది. అయినా చాలాచోట్ల ఆ సంగీతం గుడి విడిచి కచేరీ హాళ్లకు, రికార్డుల్లోకి వెళ్లిపోయింది. ట్రెంట్ చెయ్యని పనిని ప్రజల భాష చేసింది.

వినాలనుకుంటే యూట్యూబ్‌లో దొరికేవి చాలా ఉన్నాయి. పీటర్ ఫిలిప్స్ నడిపే టాలిస్ స్కాలర్స్ బృందం 1980లో చేసిన 'మిస్సా పాపే మార్చెల్లి' రికార్డు ఇప్పటికీ మంచి మొదలు. అందులో పై గొంతులు ఆడవాళ్లవి. పోపు సొంత ప్రార్థనామందిరమైన సిస్టీన్ చాపెల్లో ఆ పని మగవాళ్లు కృత్రిమ గొంతుతో చేసేవారు, మిగతా చర్చిలలో మగపిల్లలు పాడేవారు. లాటిన్ పాఠం, దాని అర్థం పక్కన పెట్టుకుని ముందు గ్లోరియా వినండి, వేలు పెట్టి చదువుతూ పోవచ్చు. తర్వాత 'అద్ ఫూగం' గ్లోరియా పెట్టి అదే పాఠం మీద అదే వేలు పెట్టి చూడండి. అంతకన్నా వేరే రుచి కావాలంటే స్పానిష్ స్వరకర్త తొమాస్ లూయిస్ దె విక్తోరియా 1605లో అచ్చు వేయించిన మృతుల మాస్ ఉంది. అందులో మాటలు వినపడుతున్నాయా లేదా అని నేను ఎన్నడూ లెక్క చూడలేదు.